తొలినాటి విమానవాహక నౌకలు, నౌకాదళ వైమానికుల శిక్షణ

విమానాలు చక్రాల మీద పరుగెత్తి పైకి లేవడానికీ, తిరిగి వచ్చి దిగడానికీ వీలుగా పైభాగమంతా చదునుగా మలచిన యుద్ధనౌకను విమానవాహక నౌక అంటారు. ఆ చదునైన పైభాగం డెక్కు. దాని అడుగున విమానాలను భద్రపరచి మరమ్మతు చేసే పొడవైన గది హ్యాంగర్. ఈ రెంటి మధ్య విమానాలను ఎక్కించి దించే పెద్ద వేదిక లిఫ్టు. నేల మీది రన్‌వే కదలదు, దాని పొడవుకు కొరత ఉండదు, పక్కన చెట్టో గుట్టో గురుతుగా నిలుస్తుంది. డెక్కు మాత్రం అలలతో పాటు లేచి పడుతుంది, ముందుకు సాగిపోతూ ఉంటుంది, నాలుగు దిక్కులా నీరు తప్ప మరో గురుతు ఉండదు. అందువల్ల ఈ నౌకల చరిత్రను ఇంజనీరింగ్ చరిత్రగా మాత్రమే రాస్తే సగమే రాసినట్టవుతుంది. మిగిలిన సగం ఆ డెక్కు మీద దిగడం నేర్చినవారిదీ, నేర్పినవారిదీ.

ఈ చరిత్రకు తెలుగు నేలతో సంబంధం పైకి కనిపించే దానికన్నా గాఢమైనది. నేటి ములుగు జిల్లాలోని ఏటూరునాగారం అడవుల పక్కగా, భద్రాచలం, పాపికొండల మీదుగా ధవళేశ్వరం చేరే గోదావరి, తన ఒండ్రుమట్టిని కాకినాడ సమీపాన సముద్రంలో కలుపుతుంది. ఆ ఒండ్రు వల్ల తీరం దగ్గర నీరు లోతు తక్కువై, పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని, సరుకును చిన్న పడవల మీద రేవుకు చేర్చే పద్ధతి అక్కడ తరతరాలుగా స్థిరపడింది. 1942 ఏప్రిల్‌లో ఒక జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు బాంబులు వేసిన రేవుల్లో ఈ కాకినాడ ఒకటి, విశాఖపట్నం మరొకటి.

పుట్టుక

ఓడ మీద నుంచి విమానం లేవగలదని మొదట నిరూపించినవాడు అమెరికాకు చెందిన యూజీన్ ఎలీ. 1910 నవంబరు 14న బర్మింగ్‌హామ్ అనే క్రూయిజర్ ముందుభాగాన కట్టిన చెక్క వేదిక మీద నుంచి అతడు కర్టిస్ విమానాన్ని గాలిలోకి లేపాడు. లేచిన వెంటనే చక్రాలు నీటిని తాకినా ఒడ్డు చేరగలిగాడు. మరుసటి ఏడు జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో నిలిచి ఉన్న పెన్సిల్వేనియా నౌక మీద అంతకన్నా కష్టమైన పని, అంటే దిగడం, సాధించాడు. వేదికకు అడ్డంగా వరసగా తాళ్లు కట్టి, ఒక్కో తాడు రెండు కొసలకూ ఇసుక మూటలు వేలాడదీశారు. విమానం అడుగున అమర్చిన కొక్కేలు ఆ తాళ్లను పట్టుకోగా, మూటల బరువు విమానాన్ని లాగి నిలిపింది. తాళ్ల స్థానంలో ఉక్కు తీగలూ, ఇసుక మూటల స్థానంలో ద్రవపీడన యంత్రాలూ వచ్చినా, తోక కొక్కెంతో అడ్డతీగను పట్టి ఆగే ఆ సూత్రం నేటికీ మారలేదు. ఎలీ అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రదర్శనలో విమానం కూలి మరణించాడు. 1912లో బ్రిటిష్ అధికారి చార్లెస్ శామ్సన్ హైబర్నియా యుద్ధనౌక కదులుతుండగానే దాని మీద నుంచి విమానాన్ని లేపి, మరో అడుగు ముందుకు వేయించాడు.

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన నాటికి నౌకాదళాల చేతిలో ఉన్నవి నీటి విమానాలు, అంటే చక్రాలకు బదులు తేలుడు తొట్లు ఉండి, క్రేనుతో సముద్రంలోకి దించితే నీటి మీద నుంచే లేచేవి. జపాన్ నౌక వకమియా 1914లో చైనా తీరాన జర్మన్ల అధీనంలోని త్సింగ్తావ్ మీదికి ఇటువంటి విమానాలనే పంపింది. అలలు కాస్త పెరిగితే ఇవి లేవలేవు. తొట్ల బరువు వల్ల వేగమూ తక్కువ. చక్రాల విమానాన్ని ఓడ మీదే దించుకోవాలనే పట్టుదలకు ఈ పరిమితులే కారణం.

ఆ పట్టుదలకు ప్రాణమిచ్చినవాడు ఎడ్విన్ డన్నింగ్. 1917 ఆగస్టు 2న బ్రిటిష్ నౌక ఫ్యూరియస్ స్కాపాఫ్లో దగ్గర గాలికి ఎదురుగా గంటకు 26 నాటికల్ మైళ్ల వేగంతో పోతుండగా, గాలి వేగం మరో 21 మైళ్లు కలిసి, డెక్కు మీదుగా వీచే గాలి దాదాపు సాప్‌విత్ పప్ విమానం దిగే వేగంతో సమానమైంది. అంటే ఓడ మీద నిలుచున్నవారికి విమానం గాలిలో దాదాపు ఆగినట్టే కనిపించింది. వారు చేతులు చాచి, రెక్కలకు కట్టిన పట్టీలు పట్టుకుని దాన్ని డెక్కు మీదికి లాగారు. కదిలే ఓడ మీద విమానం దిగడం ప్రపంచంలో అదే మొదలు. అయిదు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించినప్పుడు విమానం అంచు మీదుగా నీటిలో పడి డన్నింగ్ చనిపోయాడు. ఫ్యూరియస్ డెక్కు నడుమ పొగగొట్టమూ నౌకావంతెనా ఉండటం వల్ల ముందుభాగంలోనే, అదీ పక్క నుంచి తిప్పి, దిగవలసి వచ్చింది. లోపం పైలట్‌ది కాదు, ఓడ ఆకృతిది అని నౌకా నిర్మాతలు గ్రహించడానికి ఈ మరణం అవసరమైంది. 1918 జులై 19న అదే ఫ్యూరియస్ నుంచి లేచిన ఏడు క్యామెల్ విమానాలు జర్మన్ స్థావరం టాండర్న్‌లో రెండు జెప్పెలిన్ వాయునౌకలను తగలబెట్టాయి. అయినా తిరిగివచ్చి డెక్కు మీద దిగే మార్గం వాటికి ఇంకా లేదు.

ఆ మార్గం చూపిన ఓడ ఆర్గస్. ఇటలీ కోసం కట్టడం మొదలుపెట్టిన ప్రయాణికుల ఓడను బ్రిటన్ కొని, మొదటి నుంచి చివరి దాకా అడ్డులేని డెక్కు పరిచి, 1918 సెప్టెంబరులో సేవలో చేర్చింది. ఆ తర్వాత విమానవాహక నౌకగానే రూపకల్పన చేసిన ఓడలు వచ్చాయి. బ్రిటన్ హెర్మిస్‌ను 1918లోనే మొదలుపెట్టినా పని నత్తనడక నడవడంతో, 1922 డిసెంబరులో సేవలో చేరిన జపాన్ నౌక హోషో దానికన్నా ముందు నిలిచింది. అమెరికా బొగ్గు మోసే ఓడ జూపిటర్‌ను మార్చి లాంగ్లీగా 1922 మార్చిలో నౌకాదళంలో చేర్చుకుంది. అక్టోబరులో వర్జిల్ గ్రిఫిన్ దాని మీద నుంచి విమానాన్ని లేపగా, కొద్ది రోజులకే గాడ్‌ఫ్రే షెవాలియే దిగాడు.

ఒప్పందం చేసిన ఓడలు

1922 నాటి వాషింగ్టన్ నౌకా ఒప్పందం విమానవాహక నౌకల మొత్తం బరువును అమెరికా, బ్రిటన్‌లకు చెరి 1,35,000 టన్నులుగా, జపాన్‌కు 81,000 టన్నులుగా నిర్ణయించింది. పెద్ద యుద్ధనౌకలను పరిమితం చేసిన ఆ ఒప్పందమే, సగం కట్టిన ఓడలను విమానవాహకాలుగా మార్చుకోవడానికి దారి తెరిచింది. అమెరికా లెక్సింగ్టన్, సారటోగాలు, జపాన్ అకాగి, కాగాలు ఆ విధంగా పుట్టినవే. పదివేల టన్నులకు తక్కువైన ఓడలు అసలు విమానవాహకాల లెక్కలోకే రావన్నది ఆ ఒప్పందంలోని ఒక సందు. ఆ సందులో ఇమిడేలా జపాన్ రూపొందించిన చిన్న ఓడ ర్యూజో. 1930 లండన్ ఒప్పందం ఆ సందును మూసివేసినా ర్యూజో నిర్మాణం ఆగలేదు. 1933లో అది సేవలో చేరింది. చిన్న పొట్టలో ఎక్కువ విమానాలు కుక్కినందువల్ల ఓడ తలబరువై అలల్లో ఒరిగిపోయేది. దాన్ని సరిచేయడానికి జపాన్ తర్వాత చాలా శ్రమ పడింది. తెలుగు తీరానికి తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఓడ ఇదే.

దిగడం నేర్పే విద్య

డెక్కు మీద దిగడంలోని కష్టం కొద్దిపాటి లెక్కతో తెలుస్తుంది. ఓడ గాలికి ఎదురు తిరిగి వేగంగా సాగితే, ఆ వేగమూ గాలి వేగమూ కలిసి విమానపు వేగంలో నుంచి తీసివేతకు వస్తాయి. డెక్కు దృష్టిలో విమానం ఆ మేరకు నెమ్మదిస్తుంది. మరీ నెమ్మదిస్తే రెక్కల కింద గాలి పట్టు తప్పి విమానం రాయిలా పడిపోతుంది. వేగం ఎక్కువైతే తీగలు దాటిపోయి ముందున్న విమానాల మీద పడుతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య ఉన్న ఇరుకు సందులో, ముక్కు ఎత్తిన విమానం నుంచి డెక్కు సరిగా కనిపించని స్థితిలో, పైలట్ దిగాలి. అందుకే డెక్కు అంచున అనుభవజ్ఞుడైన పైలట్ ఒకరు రెండు చేతుల్లో రంగు పలకలు పట్టుకుని, 'ఎత్తు ఎక్కువైంది', 'వేగం తగ్గింది', 'ఇప్పుడు ఇంజను ఆపు', 'తిరిగి చుట్టి రా' అని సైగలతో చెప్పే పద్ధతి లాంగ్లీ కాలంలో అమెరికాలో వేళ్లూనుకుంది. ఈ డెక్కు సంకేతాధికారి మాటకు తిరుగు లేదు. హోదాలో ఎంత పెద్దవాడైనా, అతడు పొమ్మంటే మళ్లీ చుట్టి రావలసిందే. ప్రతి దిగుడునూ పుస్తకంలో రాసి, తర్వాత పైలట్లందరి ముందూ తప్పొప్పులు చదివే అలవాటు కూడా దీనితోనే స్థిరపడింది.

శిక్షణ నేల మీదే మొదలయ్యేది. రన్‌వే మీద డెక్కు కొలతలు గీసి, ఆ గీతల మధ్య వందలసార్లు దింపించి, తర్వాతే సముద్రానికి తీసుకుపోయేవారు. అమెరికా నౌకాదళానికి ఫ్లోరిడాలోని పెన్సకోలా 1914 నుంచి ఈ విద్యకు కేంద్రం. విమానవాహక నౌకల అధిపతులు విమాన విద్య తెలిసినవారే కావాలని అమెరికా చట్టం చేయడంతో, తల నెరిసిన అధికారులు సైతం పెన్సకోలాలో విద్యార్థులయ్యారు. తర్వాతి కాలంలో పసిఫిక్ యుద్ధ నాయకుడిగా పేరు పొందిన విలియం హాల్సీ 1935లో 52 ఏళ్ల వయసులో పైలట్ చిహ్నం అందుకున్నాడు. బ్రిటన్ ఇందుకు విరుద్ధమైన దారి తొక్కింది. 1918 ఏప్రిల్ 1న నౌకాదళ వైమానిక విభాగాన్ని కొత్తగా ఏర్పడిన వైమానిక దళంలో కలిపేసి, 1939 దాకా నౌకాదళానికి పూర్తిగా తిరిగి ఇవ్వలేదు; ఓడలు ఒకరివి, విమానాలు మరొకరివి కావడంతో, ఈ విద్యను కనిపెట్టిన దేశమే దానిలో వెనకబడింది. బ్రిటన్ చేసిన పెద్ద పొరపాటు ఇదే.

జపాన్‌కు ఈ విద్య బ్రిటన్ నుంచే అందింది. 1921లో విలియం సెంపిల్ నాయకత్వాన సుమారు ముప్పై మంది బ్రిటిష్ శిక్షకులు కసుమిగౌరా స్థావరానికి వెళ్లి, జపాన్ అధికారులకు విమాన విద్య, టార్పెడో దాడి, డెక్కు మీద దిగే పద్ధతులు నేర్పారు. హోషో మీద మొదట దిగి చూపినవాడు విలియం జోర్డాన్ అనే బ్రిటిష్ పైలట్. కొద్ది వారాలకే శునిచి కిరా ఆ పని చేసిన తొలి జపాన్ అధికారి అయ్యాడు. ఆ తర్వాత జపాన్ పదిహేను, పదహారేళ్ల బాలురను కఠిన పరీక్షలతో ఎంచుకుని, ఏళ్ల తరబడి సానబెట్టే విధానాన్ని 1930 నుంచి అమలు చేసింది. 1941 నాటికి ఆ పైలట్లు ప్రపంచంలోనే అగ్రశ్రేణికి చెందినవారు. కానీ వారి సంఖ్య తక్కువ, వారి స్థానం భర్తీ చేయగలవారు అంతకన్నా తక్కువ.

1942 ఏప్రిల్: బంగాళాఖాతం

1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం రెండు దళాలుగా హిందూ మహాసముద్రంలో ప్రవేశించింది. అడ్మిరల్ నగుమో అయిదు పెద్ద విమానవాహకాలతో ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేశాడు. అడ్మిరల్ ఒజావా ర్యూజోనూ క్రూయిజర్లనూ వెంటబెట్టుకుని బంగాళాఖాతంలోకి వచ్చి, మూడు గుంపులుగా విడిపోయి, కలకత్తా, మద్రాసుల మధ్య వర్తక నౌకలను వేటాడాడు. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు తొమ్మిదేళ్ల క్రితమే ప్రారంభమైన విశాఖ రేవుకూ, 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికీ ఆ రోజు తగినంత గగన రక్షణ లేదు. పడిన బాంబులు కొన్నే, చనిపోయినవారి సంఖ్యా స్వల్పమే. కానీ విశాఖ, మద్రాసు పట్టణాల నుంచి వేలాది కుటుంబాలు లోతట్టు ఊళ్లకు తరలిపోయాయి. కొద్ది రోజుల్లోనే ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక నౌకలను ముంచి, ఈ సముద్రంలో ఓడల రాకపోకలను స్తంభింపజేసింది.  అప్పటి నిజాం రాజ్యంలోని బేగంపేటలో ఆ యుద్ధకాలంలోనే వైమానిక దళ పైలట్లకు ప్రాథమిక శిక్షణ సాగింది.

ఆ వారంలోనే తొలినాటి విమానవాహకాల చరిత్రలో మరచిపోలేని ఘట్టం ఒకటి జరిగింది. విమానవాహకంగానే రూపకల్పన చేసి మొదలుపెట్టిన తొలి ఓడ హెర్మిస్ ఏప్రిల్ 9న శ్రీలంక తూర్పు తీరాన బట్టికలోవా దగ్గర జపాన్ డైవ్ బాంబర్ల చేతికి చిక్కింది. డైవ్ బాంబర్ అంటే ఎత్తు నుంచి నిట్టనిలువుగా దూకుతూ, ఓడకు దగ్గరగా వచ్చి బాంబు వదిలే విమానం. హెర్మిస్ విమానాలను అంతకు ముందే ఒడ్డుకు దించేశారు. ఎదుర్కోవడానికి డెక్కు మీద ఒక్క విమానమూ లేదు. కొద్ది నిమిషాల్లో ఓడ మునిగింది, కెప్టెన్ ఆన్‌స్లోతో సహా మూడు వందల మందికి పైగా చనిపోయారు. ర్యూజోకూ ఎక్కువ కాలం మిగల్లేదు. ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర సారటోగా విమానాలు దాన్ని ముంచాయి.

మంచినీటి సరస్సులో పాఠశాల

1942లో పసిఫిక్ యుద్ధం ముదిరాక పైలట్ల కొరతే అసలు సమస్య అయింది. అమెరికా దీనికి కనుగొన్న పరిష్కారం అపూర్వమైనది. యుద్ధానికి పనికొచ్చే ఓడలను శిక్షణకు వదలలేక, ఉత్తర అమెరికా మహాసరస్సుల్లో తిరిగే రెండు పాత ప్రయాణికుల ఓడలను, బొగ్గుతో నడుస్తూ పక్కల తెడ్డు చక్రాలతో కదిలేవాటిని, డెక్కులు పరిచి వుల్వరిన్, సేబుల్ అనే శిక్షణ నౌకలుగా మార్చి, మిషిగన్ సరస్సులో నడిపింది. వాటికి హ్యాంగర్ లేదు, తుపాకులు లేవు, శత్రువుల జలాంతర్గాముల భయమూ లేదు. చికాగో సమీపంలోని గ్లెన్‌వ్యూ స్థావరం నుంచి వచ్చి ఈ రెంటి మీద నిర్ణీత సంఖ్యలో దిగి అర్హత సాధించిన పైలట్లు యుద్ధం ముగిసేసరికి 17 వేలకు పైబడ్డారు. తర్వాత అధ్యక్షుడైన జార్జ్ బుష్ వారిలో ఒకడు. డెక్కు తప్పి సరస్సు అడుగుకు చేరిన విమానాలు వందకు పైనే. తుపాకి పేల్చని ఈ రెండు ఓడలు పసిఫిక్ యుద్ధంలో చేసిన మేలు అనేక యుద్ధనౌకలు చేసినదానికి తీసిపోదు.

జపాన్ తన ఆరితేరిన పైలట్లను చివరిదాకా యుద్ధంలోనే ఉంచింది. అమెరికా తన పైలట్లను కొంతకాలం పోరాడాక వెనక్కి పిలిచి శిక్షకులను చేసింది. 1944 జూన్‌లో మరియానా దీవుల దగ్గర రెండు దళాలు తలపడినప్పుడు, అరకొర శిక్షణతో వచ్చిన జపాన్ యువకులు వందల సంఖ్యలో కూలిపోవడం ఈ తేడా ఫలితమే.

యుద్ధానంతరం జెట్ విమానాల వేగం పాత పద్ధతులను చెల్లకుండా చేసింది. బ్రిటిష్ నౌకాదళం మూడు ఉపాయాలు కనుగొంది: దిగే పట్టీని ఓడ నడిరేఖకు ఓరగా మలచి, తీగ తప్పిన విమానం మళ్లీ గాలిలోకి లేచిపోయేలా చేసిన కోణీయ డెక్కు, ఆవిరి ఒత్తిడితో విమానాన్ని ఒడిసెల రాయిలా ముందుకు విసిరే కాటపల్ట్, సంకేతాధికారి పలకలకు బదులు దీపకాంతిని ప్రతిబింబిస్తూ సరైన వాలును చూపే అద్దం.

విక్రాంత్, విశాఖ

స్వతంత్ర భారతదేశపు తొలి విమానవాహకానికి ఈ మూడూ దక్కాయి. 1943లో ఇంగ్లండ్‌లో హెర్క్యులిస్ పేరిట మొదలై, యుద్ధం ముగియడంతో అసంపూర్తిగా నిలిచిపోయిన ఓడను భారత్ 1957లో కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న విక్రాంత్‌గా సేవలో చేర్చుకుంది. నౌకాదళ వైమానిక విభాగం అప్పటికే 1953లో కొచ్చిలో గరుడ స్థావరంతో మొదలై ఉంది. సీహాక్ జెట్ పైలట్లు బ్రిటన్‌లో తర్ఫీదు పొందారు. 1961 మే 18న రాధాకృష్ణ హరిరామ్ తాహిలియాని విక్రాంత్ మీద తొలిసారి జెట్ విమానాన్ని దించాడు. ఆయన తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు.

1971లో పాకిస్థాన్‌తో యుద్ధానికి ముందు ఈ ఓడ తూర్పు నౌకాదళ కమాండ్ కిందికి వచ్చింది. బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చి ఓడ పూర్తి వేగం అందుకోలేని స్థితి. గాలి వేగం, ఓడ వేగం కలిస్తే తప్ప విమానం లేవదన్న పాత లెక్క ఇక్కడ మళ్లీ ఎదురైంది. విశాఖ కేంద్రంగా కమాండ్ నడిపిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువును నమ్మించేందుకు రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్‌ను ఉపయోగించాడు. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు వెలుపల మునిగిపోయింది. 4న విక్రాంత్ నుంచి లేచిన సీహాక్‌లు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. 1942లో పరాయి విమానవాహకం బాంబులకు గురైన ఊరు, మూడు దశాబ్దాలకు సొంత విమానవాహకానికి ఆజ్ఞలిచ్చే కేంద్రమైంది.

విక్రాంత్ 1997లో విశ్రమించింది. 1987 నుంచి 2017 దాకా సేవ చేసిన మరో విమానవాహకం విరాట్ పాత పేరు హెర్మిస్; బట్టికలోవా దగ్గర మునిగిన ఓడ పేరునే బ్రిటన్ దానికి పెట్టింది. దాన్ని విశాఖలో ప్రదర్శనశాలగా నిలపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక దశలో ఆసక్తి చూపినా అది జరగలేదు. ఓడ అలంగ్‌లో తుక్కుగా మారింది. ఇది భరించరాని నష్టం. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరిన కొత్త విక్రాంత్‌కు వాడిన ప్రత్యేక ఉక్కును రూపొందించింది మాత్రం హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల.

దుండిగల్ నుంచి డేగ దాకా

నేటి నౌకాదళ పైలట్ కేరళలోని ఎజిమల నౌకా అకాడమీలో అధికారిగా రూపొందుతాడు. యుద్ధ విమానాలకు ఎంపికైనవారికి తొలి విమాన విద్య నేర్పే చోట్లలో ముఖ్యమైనది హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీ. దీనికి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేశారు. ఇక్కడ ప్రాథమిక విమానాల మీద చేయి తిరిగాక హాక్ జెట్ల మీదికి వెళతారు. హెలికాప్టర్ పైలట్ల బడి తమిళనాడులోని అరక్కోణంలో ఉంది. గోవాలోని హంస స్థావరంలో నేల మీదే ఓడ డెక్కును పోలిన పరీక్షా వేదిక కట్టారు. దానికి ముందు అంచు పైకి వంపు తిరిగిన స్కీజంప్, అడ్డతీగలు ఉన్నాయి. వందేళ్ల కిందట రన్‌వే మీద గీసిన గీతలకు ఇది వారసురాలు. 2019 సెప్టెంబరులో తేజస్ యుద్ధ విమానపు నౌకాదళ నమూనా ఇక్కడ తీగ పట్టి ఆగింది. 2020 జనవరి 11న భారత విమానవాహక నౌక విక్రమాదిత్య డెక్కు మీద దిగింది.

నౌకాదళ విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టడం భారత నౌకాదళ సంప్రదాయం. విశాఖలో 1991లో ప్రారంభమైన స్థావరానికి ఎంచుకున్న పేరు తెలుగు మాట డేగ. అక్కడ ఎగిరే శిక్షణ జెట్టు హాక్ పేరుకు అర్థమూ అదే. 2025 జులై 3న ఈ డేగ స్థావరంలోనే హాక్ శిక్షణ ముగించుకున్న సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా, భారత నౌకాదళంలో యుద్ధ విమాన విభాగానికి అర్హత పొందిన తొలి మహిళగా పైలట్ చిహ్నం అందుకుంది.